బరాత్ నడక నేర్చిన స్పోర్ట్స్ కారు

2006 వేసవి. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డుకు ఆనుకుని నా షెడ్డు ఉండేది. రేకుల కప్పు, ముందు ఒక వేపచెట్టు, లోపల ఎప్పుడూ రెండు మూడు ట్రాక్టర్లు. పేరుకు నేను ట్రాక్టర్ మెకానిక్‌నే గానీ, అప్పటికే ట్రాక్టర్లు తగ్గి కార్లు పెరిగిపోయాయి. హైదరాబాదు మా వైపు పరుగెత్తుకొస్తున్న రోజులవి. నిన్నటిదాకా జొన్న ఉన్న చేన్లో ఇవాళ తెల్లరాళ్లు పాతి, వెంచర్ అని పేరు పెట్టి, రంగుల బోర్డు కట్టేవారు. భూమి అమ్మినవాళ్లలో చాలామంది చేసే మొదటి పని పెద్ద కారు కొనడం. తెల్లది, ఎత్తుది, ఇంటిల్లిపాదీ పట్టేది. ఆ కార్లన్నీ ఒకే తీరుగా చెడిపోయేవి, నేను ఒకే తీరుగా బాగుచేసేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకు పని మీద విసుగొచ్చేసింది.

ఒక పొద్దున షెడ్డు ముందు ట్రాక్టరు ఆగింది. దాని వెనక తాడుతో కట్టిన చిన్న ఆకుపచ్చ కారు. టాపు లేదు. నేలకు జానెడు ఎత్తు. పొడుగాటి ముక్కు, గుండ్రటి లైట్లు, రెండే రెండు సీట్లు. ఎన్నడో ఇంగ్లండులో తయారై ఓడలో వచ్చిన స్పోర్ట్స్ కారు. ట్రాక్టరు నడుపుతున్నది ఒక అమ్మాయి. కారు స్టీరింగు పట్టుకుని కూచున్నది ఆమె తండ్రి జంగయ్య. యాచారం దగ్గరి పల్లె ఆయనది. చాలా ఏళ్లుగా నా దగ్గరే ట్రాక్టరు బాగుచేయించుకునే గిరాకీ.

"యాదగిరీ, నవ్వకు," అన్నాడు కారు దిగకముందే.

నేను అప్పటికే నవ్వుతున్నాను. ఎందుకంటే కారు డిక్కీ మూత ఉండాల్సిన చోట ఎర్ర మఖ్మల్ గుడ్డ చుట్టిన సింహాసనం ఉంది. ఇనుప యాంగిళ్లతో వెల్డింగు చేసి బిగించారు. దాని బరువుకు కారు వెనక భాగం కుంగి, ముక్కు పైకి లేచి, ముందు లైట్లు రోడ్డును వదిలేసి ఆకాశం వైపు చూస్తున్నాయి.

"ఇదేందన్నా?"

"పెండ్లి సీటు," అన్నాడు ముభావంగా.

సంగతి అంతా ఆయన కూతురు స్వప్న చెప్పింది. జంగయ్య వయసులో ఉన్నప్పుడు పట్నంలో ఒక పాత బంగళాకు పాలు పోసేవాడట. అక్కడ గుడ్డ కప్పి ఉన్న ఈ కారును రోజూ చూసేవాడు. కొంత భూమి అమ్మిన ఏడాది, ఆ బంగళావాళ్లు ఇల్లు ఖాళీ చేస్తున్నారని తెలిసి, వెళ్లి ఈ కారే అడిగి తెచ్చుకున్నాడు. "అందరు కొన్న బండే నేను గూడ కొంటే అండ్ల నాదేమున్నది?" అని ఆయన వాదన. ఆ మాట నాకు నచ్చింది. మా గిరాకీల్లో అలా అన్నవాడు ఆయనొక్కడే.

కొన్నది ఎందుకంటే బరాత్ కోసం. మా వైపు పెళ్లయ్యాక వధూవరులను బండిలో కూర్చోబెట్టి, ముందు బ్యాండు, దాని ముందు ఆటపాటలతో మగపెళ్లివారి ఇంటిదాకా ఊరేగింపు తీస్తారు. టాపు లేని కారు కాబట్టి జంట అందరికీ కనిపిస్తుంది, బాగుంటుంది అని జంగయ్య అనుకున్నాడు. అనుకున్నంతవరకు తప్పేం లేదు. తీరా మేనల్లుడి పెళ్లికి కారును ముస్తాబు చేసి హాలు ముందు నిలబెట్టాక తెలిసింది, పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఎక్కితే సీట్లు అయిపోయాయని. మరి నడిపేవాడు ఎక్కడ కూర్చోవాలి? అప్పటికప్పుడు వెల్డింగు షాపు తెరిపించి డిక్కీలో సింహాసనం పెట్టించాడు.

ఆ బరాత్‌లో కారు చౌరస్తాదాకా కూడా పోలేదు. బుస్సుమని ఆవిరి చిమ్మింది. రేడియేటర్లోంచి తుప్పునీళ్లు ఎగిరి బ్యాండువాళ్ల తెల్ల డ్రెస్సుల మీద పడ్డాయి. పెళ్లివారంతా చేతులేసి తోశారు. మరో చుట్టం పెళ్లికి మళ్లీ అదే కథ. దాంతో కారుకు 'తోసుడు కారు' అని పేరు పడిపోయింది. పిల్లలు వీధిలో జంగయ్య కనిపిస్తే "తాతా, తోయమంటవా?" అని అడుగుతున్నారట.

"గదంతా పోనీ కాకా," అంది స్వప్న. "ఇప్పుడు నా పెండ్లి. తుర్కయాంజాల్ సంబంధం. నేను మా బాపు కార్లనే పోత అన్న. వాళ్ల పెద్దబాపేమో తోసుడు బండి మా గేటు ముంగటికి రావొద్దంటున్నడు."

ఆ పెద్దబాపు, అంటే పెదనాన్న, పేరు మల్లేశం. పెళ్లికొడుకు శ్రీకాంత్‌కు తండ్రి లేడు, పెద్దరికమంతా ఆయనదే. మాటామాటా పెరిగి జంగయ్య పదిమందిలో ఒక పంతం పట్టాడు. బరాత్‌లో కారు ఒక్కసారి మొరాయించినా, తోయడానికి ఒక్క చెయ్యి పడినా, మర్నాడే తుక్కుకు వేసేస్తానన్నాడు.

"ఊకె అన్నవా, నిజంగ అన్నవా?" అని అడిగాను.

"నిజంగనే అన్న. ఇగ నీ చేతిల ఉన్నది," అన్నాడు. ఆయన కారు వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. కొత్త పెద్ద కార్ల యజమానులు ఎందరో నా మీద అరిచారు గానీ, ఒక బండి కోసం కళ్లు తిప్పుకున్న మనిషిని అంతకు ముందు చూడలేదు. సరేనన్నాను.

మొదట సింహాసనం కోసి పారేశాను. ఇందులో నేనేమీ మొహమాటపడలేదు. ముక్కు కిందికి దిగి, లైట్లు మళ్లీ రోడ్డును చూశాయి. జంగయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"మరి నడిపేటోడు యాడ కూసుంటడు?"

"నేనే నడుపుత," అంది స్వప్న.

"పెండ్లిపిల్ల బండి నడుపుడేందే? మంది ఏమంటరు?"

"పొద్దుగాల నిన్ను ట్రాక్టరుతోని గుంజుకొచ్చింది ఎవరు? అప్పుడు అడగలే గద."

పెళ్లికొడుకు నడపరాదా అని నేను మధ్యలో అడిగాను. అతనికి స్కూటరు తప్ప ఏమీ రాదట. అక్కడితో ఆ చర్చ అయిపోయింది.

ఇప్పుడు అసలు రోగం. రేడియేటర్ అంటే ఇంజిన్ వేడి నీళ్లను చల్లార్చే జాలీ. దాన్ని విప్పి కడిగాను, నీళ్లు బాగానే పారుతున్నాయి. నీళ్లను తిప్పే పంపు బాగుంది. థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కాక నీటికి దారి తెరిచే చిన్న కవాటం, అదీ బాగుంది. సాగర్ రోడ్డు మీద నేనే నడిపి చూశాను. ఆహా, ఎంత బాగా పోయింది! రోడ్డు నా కిందినుంచే పరుగెత్తుతున్నట్టు ఉంది. మైళ్లు పోయినా వేడి చూపే ముల్లు మధ్యలోంచి కదల్లేదు. తిరిగి వచ్చి షెడ్డు ముందు ఆపి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచాను. చాయ్ చల్లారేలోపు ముల్లు ఎర్రగీతకు చేరింది.

పరుగెత్తితే చల్లగా ఉంటుంది, నిలబడితే ఉడుకుతుంది. అంటే ఫ్యాన్ మీదే అనుమానం. బండి పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లారుస్తుంది. నిలబడినప్పుడు ఆ పని ఫ్యాన్ చెయ్యాలి. ఈ కారుకు ఇంజిన్ తిప్పే పాత ఫ్యాన్ తీసేసి, పట్నంలో ఎవరో కరెంటు ఫ్యాన్ పెట్టారు. బండి ఇంకా జోరుగా పోతుందని చేసే మార్పు అది. అనుమానపడి చూస్తే ఫ్యాన్ తిరుగుతోంది, సుడిగాలిలా తిరుగుతోంది. దాన్ని తప్పుపట్టడానికి నాకేమీ దొరకలేదు. రెండు రోజులు ఆ కారు చుట్టూ తిరిగాను. ఇంట్లో అన్నం ముందు కూచున్నా అదే ధ్యాస. ఇంతకాలం పని చేసి ఒక చిన్న బండి ముందు ఓడిపోతానేమోనని భయం పట్టుకుంది. పెళ్లి దగ్గరికొస్తోంది.

మూడోనాడు జంగయ్య భార్య పద్మమ్మ వచ్చింది. ఆమె కారును బాగుచేయించడానికి రాలేదు, దిష్టి తీయడానికి వచ్చింది. కారు ముందు జాలీకి కట్టి ఉన్న నిమ్మకాయ, మిరపకాయల దండ ఎండి వడిలిపోయింది. కొత్తది కడదామని వంగింది. నేను ఇంజిన్ ఆన్ చేసి వేడి ముల్లును చూస్తున్నాను.

"యాదగిరీ, జర ఇటు జూడు," అంది పద్మమ్మ భయంగా. "దిష్టి దండ నిలవడుతలేదు. బండి దాన్ని ఎల్లగొడుతున్నది."

"గాలికి ఊగుతది వదినా."

"గాలేడున్నది? యాపాకు గూడ కదుల్తలేదు."

తల పైకెత్తి చూశాను. నిజమే. వేపచెట్టు బొమ్మలా ఉంది. తల దించి చూశాను. ఎండు మిరపకాయలు జాలీకి దూరంగా, బయటికి, మా వైపుకు లేచి ఊగుతున్నాయి. ఫ్యాన్ గాలిని బయటినుంచి లోపలికి లాగాలి. ఇది లోపలి వేడిని బయటికి ఊదుతోంది. అంటే ఫ్యాన్ ఉల్టా తిరుగుతోంది!

నేను గట్టిగా అరిచాను. పద్మమ్మ కారులో ఏదో ఉందనుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

కారణం మీకూ చెప్పాలి, ఎందుకంటే అలాంటిది నేను మళ్లీ చూడలేదు. మనం నడిపే బండ్లలో బ్యాటరీ నెగటివ్ వైరును బాడీకి తగిలిస్తారు. ఆ కాలపు ఇంగ్లండు బండ్లు కొన్నిటిలో పాజిటివ్ వైరును బాడీకి తగిలించేవారు. దీన్ని పాజిటివ్ ఎర్త్ అంటారు. ఫ్యాన్ బిగించిన మెకానిక్ ఎర్రవైరు, నల్లవైరు అన్ని బండ్లలో ఎలా కలుపుతారో అలాగే కలిపాడు. ఇంకే బండిలోనైనా అది సరైన పనే. ఈ బండిలో ఫ్యాన్ వెనక్కి తిరిగింది. రోడ్డు మీద జోరుగా పోతున్నప్పుడు ఎదురుగాలి దాన్ని మించిపోతుంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. బరాత్‌లో నడిచినట్టు పోయేసరికి ఆ ఫ్యానే ఇంజిన్‌ను ఉడకబెట్టింది.

రెండు వైర్లు అటుదిటు మార్చాను. అంతే పని. ఇంజిన్ ఆన్ చేశాను. మిరపకాయలు గభాల్న వచ్చి జాలీకి అతుక్కున్నాయి. చాయ్ తాగాం, ఇంకో చాయ్ తాగాం. ముల్లు మధ్యలోనే ఉంది. పద్మమ్మ మాత్రం దిష్టి పోయిందనే నమ్మింది. నేను కాదనలేదు.

కానీ స్పోర్ట్స్ కారును నెమ్మదిగా నడపడం వేరే విద్య. దాని మొదటి గేరు కూడా మనిషి నడక కంటే జోరే. నడకకు సరిపెట్టాలని క్లచ్ సగం తొక్కి పట్టుకుంటే, ఇంజిన్‌ను చక్రాలకు కలిపే క్లచ్ ప్లేటు ఒరిసిపోయి కాలిపోతుంది. పాత రెండు పెళ్లిళ్లలో ప్లేటు సగం అలాగే అరిగింది. కొత్త ప్లేటు వేశాను. సైలెన్సర్ వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోకుండా మధ్యలో ఒక రేకు అడ్డం పెట్టాను. ఇంక మిగిలింది నడిపే మనిషి.

మా దగ్గరే ఒక వెంచర్ ఉండేది. నల్లటి తారు రోడ్లు, కరెంటు స్తంభాలు, ఒక్క ఇల్లు లేదు. అక్కడికి తీసుకుపోయి బరాత్ రిహార్సల్ పెట్టాను. పద్మమ్మ, ఆమె చెల్లెళ్లు ముందు నడవాలి. జంగయ్య డప్పు కొట్టాలి. స్వప్న వెనక కారు నడపాలి.

"బిడ్డా, క్లచ్ మీద కాలు ఆడించకు. బ్యాండు పోనీ. జాగ దొరికినంక క్లచ్ మొత్తం ఇడిచి ఒక్కసారి పో, ఆగు, న్యూట్రల్ జెయ్యి. మళ్ల జాగ దొరికేదాంక కాలు తీసెయ్."

"పూల కుండీలెక్క కూసోమంటవ్."

"అవ్. పెండ్లిపిల్ల గట్లనే కూసోవాలె గద."

మొదట్లో కారు పద్మమ్మ చెల్లెలి మడమల దాకా వచ్చి ఆగేది, ఆమె కేకలు పెట్టేది. తర్వాత్తర్వాత డప్పు దరువును బట్టే స్వప్న కాలు కదలడం మొదలైంది. పొద్దు వాలేసరికి ఆడవాళ్లు నడవడం మానేసి ఆడుతున్నారు. జంగయ్యకు చేతులు నొప్పెట్టినా డప్పు ఆపలేదు. ప్లాట్లు చూడటానికి పట్నం నుంచి వచ్చిన ఒక కుటుంబం, ఇక్కడ రోజూ ఇలాగే ఉంటుందా అని నన్నడిగింది.

పెళ్లి రోజు సాయంత్రం తుర్కయాంజాల్‌లో ఫంక్షన్ హాలు దగ్గరికి వెళ్లాను. కారును చూడగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. డెకరేషన్‌వాళ్లు ముందు జాలీ కనబడకుండా బంతిపూలు, చామంతులు దట్టంగా కుట్టేశారు. గాలి పోయే దారే లేదు. నేను పూలు పీకడం మొదలుపెట్టాను.

"ఏయ్, పెండ్లి బండికి పూలు పీకుతున్నవేంది? ఎవర్నువ్వు?" మల్లేశం వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"దీని మెకానిక్‌ను. ముక్కు మూస్తే ఎవరికైనా ఊపిరాడది. పూలు ఎన్క కడ్త, ఫికర్ చెయ్యకు."

"ఎట్లయినా తోసుడే ఉంటది. మా పోరగాండ్లను తయారుగ ఉంచిన."

నాకు ఒళ్లు మండింది. అయినా పెళ్లిలో గొడవెందుకని పూలన్నీ తీసి, డిక్కీ మీద, సింహాసనం ఉండిన చోట పరిచేశాను. జాలీకి పద్మమ్మ కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండ ఒక్కటే మిగిలింది.

స్వప్న పట్టుచీరతో, తలంబ్రాల బియ్యం ఇంకా జుట్టులో ఉండగానే స్టీరింగు ముందు కూచుంది. పక్కన శ్రీకాంత్, ఒళ్లో ఆమె పూలదండ పట్టుకుని. చూసేవాళ్లలో గుసగుసలు లేచాయి. బ్యాండు మోగింది. జంగయ్య నా పక్కన నిలబడి నా భుజం వదల్లేదు.

కారు కదిలింది. ఆగింది. కదిలింది. నేను పక్కనే నడుస్తూ జాలీ వైపే చూస్తున్నాను. మిరపకాయలు జాలీకి అతుక్కుని ఉన్నాయి. హైవే దాటి కాలనీ మలుపు దగ్గర మల్లేశం బంధువులు కావాలనే చేస్తున్నారా అనిపించేంతసేపు ఆడారు. బ్యాండువాళ్లు అలసిపోయి ఒకసారి ఆపారు, అయినా వీళ్లు ఆపలేదు. స్వప్న న్యూట్రల్‌లో కాలు తీసి నిమ్మళంగా కూచుంది. నేను కళ్లతోనే అడిగాను. ఆమె వేడి ముల్లు వైపు చూసి, పెదవి కదపకుండా తల ఊపింది. మధ్యలోనే ఉందన్నమాట.

అప్పుడే లైట్లన్నీ ఆరిపోయాయి. బరాత్ వెనక లైట్ల కోసం, పాటల కోసం జనరేటర్ వ్యాన్ ఒకటి వస్తోంది. అది ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. డ్రైవరు ఎంత తిప్పినా లేవలేదు. వీధంతా చీకటి. ఎవరో "అయిపాయె, తోసుడే!" అని అరిచారు. ఆగింది కారే అనుకున్నారు.

స్వప్న ముందు లైట్లు వేసింది. సింహాసనం తీసేశాం కదా, ఆ వెలుగు ఆకాశానికి పోకుండా తిన్నగా రోడ్డు మీద పరుచుకుంది. ఇంజిన్ చప్పుడు గుడగుడమని అందరికీ వినిపించింది. బ్యాండు మళ్లీ అందుకుంది. ఆ వెలుగులో మొదట ఆడటానికి దిగింది పద్మమ్మ, వెంచర్‌లో నేర్చుకున్న అడుగులతోనే. వెనక జనరేటర్ వ్యాన్‌ను తోయడానికి మల్లేశం తయారుగా ఉంచిన పోరగాండ్లే చేతులేశారు. మనుషులు చాలక ఆఖరికి మల్లేశం కూడా పంచె ఎగ్గట్టి భుజం పెట్టాడు.

"అన్నా, జోరుగ తోయ్!" అని అరిచాడు జంగయ్య. ఆ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

మగపెళ్లివారి గేటు ముందు స్వప్న కారు ఆపి ఇంజిన్ ఆఫ్ చేసింది. హారతి పళ్లెం పట్టుకున్న ఆడవాళ్లు, బండి జర వెనక్కి పోవాలి, జాగ చాలట్లేదు అన్నారు. వేడిమీద ఉన్న పాత ఇంజిన్ ఆపితే మళ్లీ లేవడం అనుమానమే. చెమట తుడుచుకుంటూ వచ్చిన మల్లేశం కూడా నిలబడి చూస్తున్నాడు. స్వప్న తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే ఇంజిన్ అందుకుంది. వెనక్కి తీసి, ముందుకు తెచ్చి, హారతి ఎక్కడ కావాలో అక్కడ నిలిపింది.

మల్లేశం కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత బానెట్ మీద చెయ్యి వేసి, "నా చిన్న కొడుకు పెండ్లికి గూడ ఇది రావాలె," అన్నాడు. జంగయ్య గడ్డం నిమురుకున్నాడు. "పిల్లకు నడపొస్తేనే ఇస్త. రెండే సీట్లున్నయ్," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ దాచుకోలేదు.

ఆ షరతు మా ఊళ్లలో మారుమోగింది. ఆ కారులో బరాత్ కావాలని వెంచర్‌లో డ్రైవింగు నేర్చుకున్న ఆడపిల్లలు నాకు తెలుసు. జంగయ్య కారు ఇంకా నడుస్తూనే ఉంది, దాన్ని తోయాల్సిన రోజు మళ్లీ రాలేదు.

అప్పటిదాకా నా షెడ్డుకు బండి వస్తే, ఏం చెడిపోయింది అని అడిగేవాణ్ణి. ఆ తర్వాత, దీంతో మీకేం పని, ఎట్ల నడుపుతరు, ముందు ఎవరు నడుస్తరు అని అడగడం మొదలుపెట్టాను. సగం రోగాలు ఆ జవాబుల్లోనే దొరుకుతాయి. షెడ్డు గోడకు ఎండు మిరపకాయల దండ ఒకటి ఎప్పుడూ వేలాడదీసి ఉంచుతాను. ఫ్యాన్ మీద అనుమానం వచ్చిన ప్రతి బండి ముందూ మొదట దాన్నే పట్టుకుంటాను. గిరాకీలు నేను దిష్టి తీస్తున్నానని చేతులు జోడిస్తారు. నేను కూడా పద్మమ్మను తలచుకుని జోడిస్తాను.